దూరాన ఉన్న కంప్యూటర్‌ను ఆపటం, మళ్ళీ లేపటం

చాండ్లర్‌లో రాత్రి 9:30 అయినప్పుడు గుంటూరులో మరునాటి ఉదయం 10 గంటలు. అరిజోనా రాష్ట్రంలో అత్యధిక భాగం వేసవికి గడియారాలను ముందుకు జరపదు కనుక ఈ పన్నెండున్నర గంటల అంతరం ఏడాది పొడుగునా మారదు. సరిగ్గా ఆ వేళకే గుంటూరు నుంచి ఫోను మోగుతుంది. "అమ్మాయీ, కంప్యూటర్ బిగుసుకుపోయిందమ్మా, ఏ మీట నొక్కినా కదలటం లేదు" అంటారు తండ్రిగారు. "దేన్నీ ముట్టుకోకండి నాన్నగారూ, ఇక్కడి నుంచి నేను చూస్తాను" అంటుంది కూతురు. తరువాత ఆమె తన కంప్యూటర్ మీద ఒక నల్లని కిటికీ తెరిచి, ఒక్క పంక్తి టైపు చేస్తుంది. భూగోళానికి ఆవలివైపున ఉన్న యంత్రం ఆగి, తిరిగి ప్రారంభమవుతుంది.

ఈ దృశ్యం ప్రవాసాంధ్ర కుటుంబాలకు కొత్తది కాదు. కాని ఆ ఒక్క పంక్తి వెనుక ఏమి జరుగుతుందో, అది ఒక్కొక్కసారి ఎందుకు వికటిస్తుందో తెలిసినవారు తక్కువ. యంత్రం ఎదురుగా ఉన్నప్పుడు పొరపాటు జరిగితే చేయి చాచి మీట నొక్కవచ్చు. పదమూడు వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నప్పుడు చేయి చాచటం కుదరదు. ఆపటానికి ఒక ఆజ్ఞ చాలు. లేపటానికి మాత్రం ముందుగా చేసిపెట్టుకున్న ఏర్పాటు కావాలి. ఈ భేదాన్ని వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయాన్ని ముచ్చటించుకోవటానికి చాండ్లర్ తగిన ఊరు. ఇంటెల్ సంస్థ 1980 నుంచి ఇక్కడ సిలికాన్ చిప్పులు తయారుచేస్తున్నది. నగరపు దక్షిణ భాగాన ఉన్న ఓకోటియో ప్రాంగణంలోని కర్మాగారాలలోకి అడుగుపెట్టాలంటే తల నుంచి పాదాల దాకా ప్రత్యేక వస్త్రాలు ధరించాలి. మనిషి ఒంటి నుంచి రాలే ధూళి కణం సైతం చిప్పుకు శత్రువే. అటువంటి చోట యంత్రాలను నడిపే కంప్యూటర్ల దగ్గరకు మాటిమాటికీ మనుషులు వెళ్ళటం సాధ్యం కాదు. ప్రైస్ రోడ్డు పరిసరాలలోని సమాచార కేంద్రాలలోనూ అదే పరిస్థితి. కిటికీలు లేని ఆ భవనాల చల్లదనపు యంత్రాల హోరు మీద ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయగా నగరపాలక మండలి 2022లో నిబంధనలు విధించింది. ఆ హోరు వెనుక వేలాది కంప్యూటర్లు ఉంటాయి. మనుషులు మాత్రం వేళ్ళ మీద లెక్కించదగినంతమందే ఉంటారు. అక్కడ ఆపటం, లేపటం అనే పనులన్నీ దూరం నుంచే జరగాలి.

మీట నుంచి ఆజ్ఞ వరకు

తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్లలో విద్యుత్ మీట పంకా మీట వంటిదే. నొక్కితే విద్యుత్ ప్రవాహం తెగిపోయేది. విండోస్ 95 వాడినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. అన్ని పనులూ ముగిశాక నల్లని తెర మీద, ఇక కంప్యూటర్‌ను ఆపుకోవచ్చుననే సందేశం నారింజ రంగులో కనిపించేది. అంతవరకే యంత్రం చేయగలిగింది. చివరి మీట మనిషి నొక్కవలసిందే. అటువంటి యంత్రాన్ని దూరం నుంచి పూర్తిగా ఆపటం అసాధ్యం, లేపటం అంతకన్నా అసాధ్యం.

1995లో ఇంటెల్ ప్రతిపాదించిన ఏటీఎక్స్ అనే నిర్మాణ పద్ధతి ఈ పరిస్థితిని మార్చింది. ఇందులో మీట విద్యుత్తును నేరుగా తెంచదు. తెంచమని లోపలి ప్రధాన పలకకు సూచన మాత్రమే ఇస్తుంది. కంప్యూటర్ ఆగిపోయిన తరువాత కూడా 5 వోల్టుల సన్నని విద్యుత్ ధార ఒకటి ఆ పలకకు అందుతూనే ఉంటుంది. మరుసటి సంవత్సరం, 1996 డిసెంబరులో, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని వెలువరించాయి. దానివల్ల ఆపరేటింగ్ సిస్టమ్ తానే విద్యుత్తును అదుపు చేయగలిగింది. నాటి నుంచి, గోడకు తగిలించి ఉన్నంతవరకు, ఆరిపోయినట్లు కనిపించే కంప్యూటర్ నివురు గప్పిన నిప్పు వంటిది. పైకి చలనం లేకపోయినా లోపల ఒక భాగం మేలుకొనే ఉంటుంది. దూరం నుంచి లేపటం అనే విద్య అంతా ఆ చిన్న నిప్పు మీదనే ఆధారపడి ఉంది.

ఆపటంలో ఒక క్రమం

రసాయన ప్రయోగశాలలో పనిచేసినవారికి ఒక నియమం మొదటి వారంలోనే అలవడుతుంది. ప్రయోగాన్ని మొదలుపెట్టటానికి క్రమం ఉన్నట్లే, ముగించటానికీ క్రమం ఉంటుంది. స్వేదనం చేస్తున్నప్పుడు ముందు వేడిని ఆపాలి. ద్రవం చల్లబడిన తరువాతనే శీతలీకరణ నాళంలోని నీటిని ఆపాలి. వరుస తప్పి నీటిని ముందుగా ఆపితే ఆవిరి చల్లబడే దారి లేక గదిలోకి చిమ్ముతుంది. శూన్యాన్ని కల్పించే పంపును ఆపేముందు పరికరంలోకి గాలి వదలాలి. లేకపోతే పంపులోని నూనె వెనక్కు పాకి పరికరాన్ని పాడుచేయవచ్చు. రెండు చోట్లా నొక్కే మీటలు అవే. వాటిని నొక్కే వరుస మారితే ఫలితం మారిపోతుంది.

కంప్యూటర్ విషయంలోనూ ఇంతే. వాడుకరి ఒక ఉత్తరం రాసి భద్రపరచమని చెప్పగానే అది డిస్కు మీదకు చేరిపోయిందని అనుకోవటం సహజం. నిజానికి వేగం కోసం ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని కొంతసేపు తాత్కాలిక స్మృతిలోనే ఉంచుకొని, వీలు చూసుకొని డిస్కుకు ఎక్కిస్తుంది. ఆ మధ్యకాలంలో విద్యుత్తు తెగితే స్మృతిలో ఉన్నది ఉన్నట్లే ఆవిరైపోతుంది. అందువల్ల సక్రమంగా ఆగే యంత్రం ఒక వరుసను పాటిస్తుంది.

లినక్స్ వ్యవస్థలో ఆ వరుస స్పష్టంగా కనిపిస్తుంది. మొదట, ఆ యంత్రం మీద పనిచేస్తున్నవారందరికీ హెచ్చరిక వెళుతుంది. తరువాత, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ పని ముగించుకొమ్మని మర్యాదపూర్వకమైన సంకేతం అందుతుంది. సాధారణంగా 90 సెకన్ల గడువు ఇచ్చాక కూడా మొండికేసిన ప్రోగ్రామ్‌ను బలవంతంగా తొలగిస్తుంది. ఆపైన తాత్కాలిక స్మృతిలో మిగిలినదంతా డిస్కుకు ఎక్కించి, డిస్కులను విడదీసి, చిట్టచివర విద్యుత్తును ఆపుతుంది. నేటి డిస్కు వ్యవస్థలు జరగబోయే మార్పులను ముందుగా ఒక దినచర్యలో రాసుకుంటాయి కనుక, హఠాత్తుగా విద్యుత్తు పోయినా డిస్కు నిర్మాణం చాలావరకు చెక్కుచెదరదు. అయితే ఆ దినచర్య కాపాడేది అలమరనే; అందులో ఇంకా పెట్టని ఉత్తరాన్ని కాదు.

ఆజ్ఞల స్వరూపం

కింద చెప్పే ఆజ్ఞలను యంత్రం మీద ఆంగ్లాక్షరాలలోనే టైపు చేయాలి; ఇక్కడ వాటి ఉచ్చారణ మాత్రమే ఇవ్వబడింది.

విండోస్‌లో ఎక్స్‌పీ కాలం, అంటే 2001 నుంచి, 'షట్‌డౌన్' అనే ఆజ్ఞ అంతర్భాగంగా ఉంది. 'షట్‌డౌన్ /ఆర్ /ఎమ్ \\యంత్రం-పేరు /టి 300' అని ఆదేశిస్తే, ఆ పేరుగల దూరపు యంత్రం 300 సెకన్ల తరువాత ఆగి మళ్ళీ మొదలవుతుంది. '/ఆర్' స్థానంలో '/ఎస్' అని ఉంటే ఆగిపోతుంది, తిరిగి లేవదు. ఒక్క అక్షరం తేడా; ఫలితంలో మాత్రం పగలూ రాత్రీ అంత తేడా. '/సి' తరువాత ఒక సందేశం రాస్తే అవతలి తెర మీద కనిపిస్తుంది. మనసు మారితే గడువు ముగిసేలోగా '/ఏ' అనే అక్షరంతో రద్దు చేయవచ్చు. ఈ ఆజ్ఞ చెల్లాలంటే అవతలి యంత్రం మీద నిర్వాహకునికి ఉండే అధికారం ఉండాలి. దారిలోని రక్షణ గోడ కూడా అనుమతించాలి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. '/ఎఫ్' అనే అక్షరం తెరిచి ఉన్న ప్రోగ్రాములను బలవంతంగా మూసివేస్తుంది. కనుక దాన్ని రాయకపోతే బలవంతం ఉండదని అనుకుంటారు. కాని '/టి' తరువాత సున్నాకంటే పెద్ద సంఖ్య ఇస్తే '/ఎఫ్' కూడా చేరినట్లే లెక్క. అంటే గడువు ముగిశాక, తండ్రిగారు సగం రాసి భద్రపరచని ఉత్తరం గురించి యంత్రం ఎవరినీ అడగదు. గడువు ఇచ్చేది యంత్రానికి కాదు, దాని ఎదుట కూర్చున్న మనిషికి. కనుక ఆ గడువుతోపాటు సందేశమో, ఫోను పిలుపో తప్పనిసరి.

మరొక చిన్న విశేషం. విండోస్ 8 (2012) నుంచి వచ్చిన 'ఫాస్ట్ స్టార్టప్' సదుపాయం వల్ల, తెర మీద 'షట్ డౌన్' ఎంచుకొని ఆపిన కంప్యూటర్ నిజంగా పూర్తిగా ఆగదు. ఆపరేటింగ్ సిస్టమ్ అంతర్భాగపు స్థితిని డిస్కు మీద దాచుకొని, మళ్ళీ లేచినప్పుడు దానినే తెచ్చుకుంటుంది. పాత చిక్కు కూడా దానితోపాటే తిరిగి వస్తుంది. 'రీస్టార్ట్' మాత్రం అన్నిటినీ కొత్తగా మొదలుపెడుతుంది. ఆపి మళ్ళీ వేసినా పోని జబ్బు రీస్టార్ట్‌తో పోవటానికి కారణం ఇదే.

యూనిక్స్, లినక్స్ యంత్రాలలోకి దూరం నుంచి ప్రవేశించటానికి ఎస్ఎస్‌హెచ్ అనే మార్గాన్ని వాడతారు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో దారిలో పొంచి సంకేతపదాలు దొంగిలించటంతో, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో దీన్ని రూపొందించాడు. లోపలికి వెళ్ళాక 'షట్‌డౌన్ -ఆర్ +5' అంటే అయిదు నిమిషాల తరువాత పునఃప్రారంభం. '-ఆర్' లేకపోతే ఆగిపోవటం. 'షట్‌డౌన్ -సి' అంటే రద్దు. అయిదు నిమిషాలు మిగిలినప్పటి నుంచి కొత్తవారెవరినీ యంత్రం లోపలికి రానివ్వదు. పెళ్ళిపందిరి విప్పుతున్నప్పుడు కొత్తగా విస్తర్లు వేయరు కదా!

విండోస్‌లోని పవర్‌షెల్ ఆజ్ఞ 'రీస్టార్ట్-కంప్యూటర్'లో ప్రశంసించదగిన గుణం ఉంది. దానికి '-వెయిట్' అనే మాట జోడిస్తే, దూరపు యంత్రం తిరిగి లేచి పలికేదాకా అది కాచుకొని ఉంటుంది. ఆజ్ఞ పంపటంతో పని ముగిసిందనుకోక, ఫలితం చూసేదాకా కనిపెట్టుకొని ఉండటం అన్నివేళలా పాటించదగిన పద్ధతి. యంత్రం బదులు పలికినంత మాత్రాన అది పునఃప్రారంభమైందని చెప్పలేము. అసలు ఆగనే లేదేమో! ఎంతసేపటి నుంచి మేలుకొని ఉందో చెప్పే 'అప్‌టైమ్' వంటి ఆజ్ఞతో సరిచూసుకోవాలి.

ఎక్కడ ఉన్నామో మరిచిపోతే

దూరపు యంత్రంలోకి ప్రవేశించిన నల్లని కిటికీ, సొంత యంత్రపు నల్లని కిటికీ చూడటానికి ఒకేలా ఉంటాయి. నాలుగు కిటికీలు తెరిచిన మనిషి, ఎదుటి యంత్రాన్ని ఆపుతున్నాననుకొని దూరాన ఉన్నదాన్ని ఆపివేయటం అతి సాధారణమైన పొరపాటు. దీని నివారణకు డెబియన్ లినక్స్‌లో 'మాలీ-గార్డ్' అనే చిన్న ఉపకరణం ఉంది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా వచ్చినవారు ఆపమని ఆజ్ఞాపిస్తే, ఏ యంత్రాన్ని ఆపదలచారో దాని పేరు టైపు చేయమంటుంది. పేరు తప్పితే ఆజ్ఞ చెల్లదు. దాని పేరుకు ఒక ముచ్చటైన మూలం చెబుతారు. పూర్వం ఒక ప్రోగ్రామర్‌గారి చిట్టి కూతురు ఐబీఎం 4341 మహాయంత్రపు ఎర్రని పెద్ద మీటను ఒకే రోజున రెండుసార్లు నొక్కిందట. దానితో ఆ మీటకు పారదర్శకమైన మూత బిగించారు. ఆ మూతకు ఆ పాప పేరే నిలిచిపోయింది.

ఒక యంత్రంతో పోయే పొరపాటు ఒక ఎత్తు. వేల యంత్రాలకు ఒకేసారి ఆజ్ఞ పంపగల ఉపకరణంతో జరిగే పొరపాటు ఒక ఎత్తు. 2014 మే 27న జాయెంట్ అనే సంస్థలో ఒక నిర్వాహకుడు కొత్తగా చేర్చిన కొన్ని యంత్రాలను మాత్రమే పునఃప్రారంభించబోయి, ఆజ్ఞను పొరపాటుగా టైపు చేయటంతో అమెరికా తూర్పు ప్రాంతపు కేంద్రంలోని యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగి మళ్ళీ మొదలయ్యాయి. అన్నీ ఒకేసారి లేవబోయేసరికి వాటికి ప్రారంభ సమాచారం అందించే వ్యవస్థ ఆ రద్దీకి తట్టుకోలేకపోయింది. ఉపకరణం ఆ ఆజ్ఞ విస్తృతిని ప్రశ్నించకుండా పాటించటమే అసలు లోపమని సంస్థ తరువాత వివరించింది.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థ వర్జీనియా కేంద్రంలోని ఎస్3 నిల్వ వ్యవస్థలో మరొకటి జరిగింది. కొద్ది యంత్రాలను తొలగించవలసిన ఆజ్ఞలో ఒక అంశం తప్పుగా పడి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ యంత్రాలు తొలగిపోయాయి. కొన్ని ఉపవ్యవస్థలను మొదటి నుంచి ప్రారంభించవలసి వచ్చింది. అవి ఎన్నో ఏళ్ళుగా పూర్తిగా ఆగి లేచినవి కావు. ఈలోగా వాటి పరిమాణం ఎంతో పెరిగింది. అందువల్ల లేవటానికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. పూర్వస్థితి రావటానికి నాలుగు గంటలకు పైగా గడిచింది. ఎన్నడూ ఆగని యంత్రం గట్టిదని మురిసిపోతాం. అది తిరిగి లేవగలదో లేదో ఎన్నడూ పరీక్షించలేదని కూడా దానికి అర్థం.

కూర్చున్న కొమ్మ

అన్నిటికంటే ప్రమాదకరమైనది, వచ్చిన దారినే మూసివేసే ఆజ్ఞ. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థలో నిర్వహణ పనిలో భాగంగా, కేంద్రాలను కలిపే మార్గాల సామర్థ్యాన్ని అంచనా వేయటానికి ఒక ఆజ్ఞ ఇచ్చారు. అది ఆ మార్గాలన్నిటినీ తెంచివేసింది. అటువంటి ఆజ్ఞలను తనిఖీచేసి ఆపవలసిన ఉపకరణంలోనే దోషం ఉండటంతో అది ఆపలేదు. ఫలితంగా సంస్థ చిరునామాలే అంతర్జాలం నుంచి అదృశ్యమయ్యాయి. చిక్కును దూరం నుంచి సరిదిద్దుదామంటే, దూరం నుంచి వెళ్ళే దారులూ వాటి మీదనే ఆధారపడి ఉన్నాయి. చివరకు మనుషులను స్వయంగా ఆ కేంద్రాలకు పంపవలసి వచ్చింది. బయటివారు జొరబడకుండా కట్టుదిట్టం చేసిన ఆ భవనాలు సొంత ఇంజనీర్లకు కూడా తేలికగా లొంగలేదు. ఆరు గంటలకు పైగా సేవలు నిలిచిపోయాయి. పద్మవ్యూహంలోకి ప్రవేశం తెలిసి నిర్గమనం తెలియని అభిమన్యుడి కథకు ఇది ఆధునిక రూపం.

అక్కడ మరొక సూక్ష్మం గమనించదగినది. ఒక్కొక్క కేంద్రంలో విద్యుత్ వినియోగం పదుల మెగావాట్ల మేర పడిపోయింది. అంతటినీ ఒక్కసారి తిరిగి ప్రారంభిస్తే విద్యుత్ వ్యవస్థకే ముప్పు. అందువల్ల దశలవారీగా లేపవలసి వచ్చింది. ఆపటం క్షణంలో ముగిసింది, లేపటం గంటల తరబడి సాగింది.

పక్కదారి ఉండాలి

ఈ ప్రమాదానికి విరుగుడు ఒక్కటే. ఆపరేటింగ్ సిస్టమ్‌తో నిమిత్తం లేని మరొక దారి యంత్రంలోకి ఉండాలి. అటువంటి దారులు మూడు రకాలు.

మొదటిది, 1990ల నడుమ ఏఎండీ, హ్యూలెట్-పాకర్డ్ సంస్థల చొరవతో వచ్చిన 'మ్యాజిక్ ప్యాకెట్'. నిద్రిస్తున్న యంత్రంలోని నెట్‌వర్క్ కార్డు ముందు చెప్పిన 5 వోల్టుల ధార మీద మేలుకొని ఉంటుంది. ప్రతి కార్డుకూ 6 బైట్ల ప్రత్యేక సంఖ్య ఉంటుంది. 255 విలువగల 6 బైట్లు, వాటి వెనుక ఆ కార్డు సంఖ్యను 16 సార్లు వరుసగా పంపితే మొత్తం 102 బైట్లవుతాయి. ఆ వరుస తన చెవిన పడగానే కార్డు ప్రధాన పలకను లేపుతుంది. ఇందులో పరిమితి ఏమిటంటే, ఈ పిలుపు సాధారణంగా ఇంటిలోపలి నెట్‌వర్క్ గడప దాటదు. చాండ్లర్ నుంచి నేరుగా గుంటూరు యంత్రాన్ని పిలవటం కుదరదు. గుంటూరు ఇంట్లోనే ఎప్పుడూ మేలుకొని ఉండే చిన్న పరికరం ఒకటి ఆ పిలుపు వేయాలి.

రెండవది, పెద్ద సర్వర్లలో ఉండే ప్రత్యేకమైన చిన్న కంప్యూటర్. 1998లో ఇంటెల్, డెల్, హ్యూలెట్-పాకర్డ్, ఎన్ఈసీ సంస్థలు ప్రకటించిన ఐపీఎంఐ ప్రమాణం దీనికి పునాది. 'ఐపీఎంఐటూల్' అనే ఉపకరణంతో 'చాసిస్ పవర్ స్టేటస్' అని విద్యుత్ స్థితి తెలుసుకోవచ్చు. 'సాఫ్ట్' అని మర్యాదగా ఆపవచ్చు. 'సైకిల్' అని విద్యుత్తును తెంచి మళ్ళీ ఇవ్వవచ్చు. మొదటిదానితో కుదరనప్పుడే చివరిదానికి పోవాలి.

మూడవది, కార్యాలయపు కంప్యూటర్ల కోసం ఇంటెల్ 2006లో వీప్రో పేరుతో ముందుకు తెచ్చిన సాంకేతికత. ప్రాసెసర్‌తోపాటు ఉండే మరొక చిన్న నియంత్రకం, ఆపరేటింగ్ సిస్టమ్ కుప్పకూలినా ఆజ్ఞలను అందుకుంటుంది. దీని విలువ 2024 జులై 19న లోకానికి తెలిసివచ్చింది. ఆనాడు క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక దోషపూరితమైన ఫైలు వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. లేవటం, కూలటం, మళ్ళీ లేవటం, మళ్ళీ కూలటం వాటి పని అయింది. విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రులలో పనులు ఆగాయి. విరుగుడు ఒక్క ఫైలును తొలగించటమే. కాని యంత్రం పూర్తిగా లేస్తేగదా దూరపు ఆజ్ఞ వినేది! చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క యంత్రం దగ్గరకు నడిచివెళ్ళి పని చేయవలసి వచ్చింది. వీప్రో వంటి పక్కదారిని ముందుగా సిద్ధం చేసుకున్నవారు మాత్రం దూరం నుంచే చక్కబెట్టుకునే వీలు కలిగింది.

అయితే ఏ పక్కదారి అయినా దొంగకు కూడా దారే. 2017 మే నెలలో ఈ ఇంటెల్ సాంకేతికతలోనే ఒక లోపం బయటపడింది. సంకేతపదానికి బదులు ఖాళీ సమాధానం పంపినా అది తలుపు తీసేది. వెంటనే దిద్దుబాట్లు విడుదల చేశారు. పెరటి తలుపు ఉండటం మంచిదే. దాని గడియను ముఖద్వారపు గడియకంటే జాగ్రత్తగా చూసుకోవాలి. ఇటువంటి దారులను బహిరంగ అంతర్జాలానికి ఎదురుగా తెరిచి ఉంచరాదు.

ఆకాశంలోని యంత్రాలు

మనిషిని పంపటం అసలే కుదరని దూరాలూ ఉన్నాయి. మోటరోలా సంస్థ ఇరిడియం ఉపగ్రహాలను చాండ్లర్‌లోనే కూర్చింది. 1997 మే నుంచి వాటిని ఆకాశంలోకి పంపి, 1998 నవంబరు 1న 66 ఉపగ్రహాలతో ఫోను సేవ ప్రారంభించారు. 1999 ఆగస్టులో ఆ వ్యాపారం దివాలా తీసింది. 780 కిలోమీటర్ల ఎత్తున చక్కగా తిరుగుతున్న ఉపగ్రహాలన్నిటినీ కిందికి దించి వాతావరణంలో కాల్చివేయటానికి సన్నాహాలు సాగాయి. ఆ ఆజ్ఞ వెళ్ళి ఉంటే దానికి తిరుగు లేదు. కాలిన ఉపగ్రహాన్ని లేపే ఆజ్ఞ ఏదీ లేదు. 2000 డిసెంబరులో కొత్త యాజమాన్యం వాటిని కొనుగోలు చేయటంతో ఆ ఆజ్ఞ వెళ్ళలేదు. తరువాత ఆ తరం ఉపగ్రహాలు అనేక సంవత్సరాలు పనిచేశాయి. 2017-2019 మధ్య కొత్తవి వచ్చాకనే వాటిని సెలవు మీద పంపటం జరిగింది.

వాయేజర్-1 కథ మరింత దూరపుది. 2023 నవంబరులో దాని నుంచి అర్థంలేని సంకేతాలు రాసాగాయి. సమాచారాన్ని కూర్చే కంప్యూటర్‌ను పునఃప్రారంభించి చూశారు, జబ్బు తగ్గలేదు. ఆజ్ఞ వెళ్ళటానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావటానికి అన్నే గంటలు. స్మృతిలో సుమారు 3 శాతం చెడిందని గుర్తించి, అందులోని భాగాలను వేరే చోటికి మార్చారు. 2024 ఏప్రిల్ 20న వాయేజర్ మళ్ళీ అర్థవంతంగా పలికింది. పునఃప్రారంభం సర్వరోగ నివారిణి కాదని, రోగకారణం తెలుసుకోవటమే అసలు చికిత్స అని ఇది చెబుతున్నది.

శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3 విషయం తెలుగువారందరికీ దగ్గరిది. చంద్రుని మీద రాత్రి కమ్ముకునే ముందు, సెప్టెంబరు 2న ప్రజ్ఞాన్‌ను, 4న విక్రమ్‌ను నిద్రపుచ్చారు. నిద్రపుచ్చే ముందు శాస్త్రజ్ఞులు ఉదయపు వెలుగు పడే దిక్కుకు ప్రజ్ఞాన్ సౌరఫలకాన్ని ఉంచారు. పిలుపు వినే పరికరాన్ని మేలుకొలిపి ఉంచారు. సెప్టెంబరు 22న పిలిచి చూశారు. జవాబు రాలేదు. రెండు వారాల గడ్డకట్టే చలిని తట్టుకోవటానికి నిర్మించినవి కావు అవి. నియమించిన పని అప్పటికే పూర్తయింది. లేవకపోయినా, లేవటానికి కావలసిన ఏర్పాటు చేసి మరీ నిద్రపుచ్చటం చూసి నేర్చుకోదగినది.

గుంటూరు ఇంటికి తిరిగి వస్తే

ఇంతటి కథలోని సారాన్ని ఇంటి కంప్యూటర్‌కు అన్వయించుకోవటం కష్టం కాదు. సెలవులకు స్వదేశం వెళ్ళినప్పుడు ఒక పూట కేటాయిస్తే చాలు.

1. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ దానంతట అదే లేచేలా ప్రారంభ అమరికలలో ఒక ఎంపిక ఉంటుంది. దాన్ని ఎంచుకోవాలి. యూపీఎస్ పనిచేస్తున్నదో లేదో చూడాలి.

2. ఇంట్లో ఎప్పుడూ మేలుకొని ఉండే చిన్న పరికరం ఒకటి ఏర్పాటు చేసి, మ్యాజిక్ ప్యాకెట్ దాని నుంచి పంపేలా అమర్చాలి. దూరం నుంచి అక్కడికి వీపీఎన్ వంటి భద్రమైన దారిలోనే వెళ్ళాలి.

3. అక్కడ ఉండగానే ఒకసారి యంత్రాన్ని పూర్తిగా ఆపి, పక్కగదిలో కూర్చొని లేపి చూడాలి. పక్కగది నుంచి లేవనిది చాండ్లర్ నుంచి లేవదు.

4. ఆజ్ఞ పంపే ముందు అవతల ఎవరు పనిచేస్తున్నారో ఫోనులో అడగాలి. గడువు ఇవ్వాలి. కిటికీలో యంత్రం పేరును మరొక్కసారి చదువుకోవాలి.

5. సమయం నిర్ణయించి పెట్టే ఆజ్ఞలలో ఏ ఊరి గడియారమో చూసుకోవాలి. చాండ్లర్ అర్ధరాత్రి గుంటూరులో మధ్యాహ్నం 12:30. తండ్రిగారు మెయిలు చదువుకునే వేళ కావచ్చు.

6. ఆపటానికి, పునఃప్రారంభించటానికి మధ్య సందేహం ఉంటే పునఃప్రారంభాన్నే ఎంచుకోవాలి.

7. ఇవన్నీ విఫలమైతే మీట నొక్కగలిగిన మనిషి ఒకరుండాలి. పక్కింటి పిల్లవాడో, మేనల్లుడో, ఎవరైనా సరే. ఏ మీట, ఎన్ని సెకన్లు నొక్కాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి కంప్యూటర్ పక్కన అంటించాలి.

ఊరికి వెళ్ళేటప్పుడు పెద్దలు పొయ్యి ఆర్పి, నీళ్ళ కొళాయి కట్టి, తలుపు తాళం వేసి, ఒక తాళంచెవి పొరుగింటివారికి ఇచ్చి బయలుదేరేవారు. తిరిగి వచ్చేది తామే అయినా, రాలేని పరిస్థితి రావచ్చునని వారికి తెలుసు. దూరాన ఉన్న యంత్రానికి ఆజ్ఞ పంపేవారు చేయవలసిందీ అదే. నల్లని కిటికీలో ఆ పంక్తి టైపు చేసిన కూతురు, ఎంటర్ మీట నొక్కేముందు ఒక్క క్షణం ఆగి, "నాన్నగారూ, రాస్తున్నది ఏదైనా ఉందా?" అని అడిగితే, సాంకేతిక విజ్ఞానంలో సగభాగం ఆమెకు వశమైనట్లే.